పాత పికప్పు బండి క్యాబునకు పట్టిన తుప్పు: బాగుచేయు విధానము

మన సభ్యులలో కొందరియొద్ద పాత పికప్పు బండ్లు ఇంకను పనిచేయుచున్నవి. ఎరువు బస్తాలు, విత్తనములు, కూరగాయల గంపలు వీనిమీదనే పొలమునకును సంతకును సాగుచున్నవి. ఇంజను చెడినచో వెంటనే తెలియును. బండి కదలదు గనుక మరమ్మతు చేయింపక తప్పదు. నడుపువాడు కూర్చుండు ముందుగది, అనగా క్యాబు, తుప్పుపట్టుట అట్టిది కాదు. అది లోలోపల జరుగును. పైన రంగు నిగనిగలాడుచుండగనే క్రింద అడుగురేకు ఎండుటాకువలె పలుచనైపోవును. సీటును, పెడళ్లను, తలుపు బందులను పట్టుకొనియుండునది ఆ రేకే గనుక, ఇది అందమునకు సంబంధించిన సంగతి మాత్రము కాదు.

ఈ విషయమున నేనును ఒక పొరపాటు చేసియున్నాను. కొన్ని యేండ్ల క్రిందట నా బండిలో డ్రైవరు కాలిక్రింద రూపాయి బిళ్లంత రంధ్రము కనబడినది. పట్టణములోని ఒక టింకరునకు అప్పగించితిని. అతడు ఒక్క దినములో గాజునార గుడ్డ అంటించి, లప్పము మెత్తి, నల్లరంగు పూసి బండి నిచ్చెను. చూచుటకు క్రొత్త రేకువలె నుండెను. ఖర్చు తక్కువయ్యెనని సంతోషించితిని. ఒక వర్షాకాలము గడచినది. సంక్రాంతి ముందు మినుముల బస్తాలతో వచ్చుచు, గేదె అడ్డము రాగా బ్రేకు తొక్కితిని. సీటు ముందరికాలు అడుగురేకును చీల్చుకొని దిగబడినది. బండి మెల్లగా పోవుచుండుటచే ఎవరికిని దెబ్బ తగులలేదు. తరువాత విప్పిచూడగా లప్పము గట్టిగానే యున్నది. దాని చుట్టును ఇనుమే లేదు. టింకరును తప్పుపట్టి లాభము లేదు. చవుకగా చేయుమని కోరినది నేనే.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడును కలిసినచో తుప్పు పుట్టునని అందరు నెరిగినదే. అయితే నాగలి కర్రు పెరటిలో పడియున్నను పైపైననే తుప్పుపట్టుచుండగా, బండిరేకు రంధ్రములు పడునట్లు ఏల తినివేయబడును? ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు పనిచేసిన యూలిక్ ఎవాన్సు అను శాస్త్రజ్ఞుడు 1920 దశకములో ఒక చిన్న పరీక్షచే దీనిని చూపెను. మెరుగుపెట్టిన ఉక్కురేకుమీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేసి చూచినయెడల, బొట్టు అంచున గాలి బాగుగ తగులును, నడుమ తక్కువగా తగులును. ఇనుము కరగిపోవునది గాలి తగులు అంచున కాదు, గాలి తక్కువైన నడిబొట్టునందే. మొత్తము బొట్టు ఒక చిన్న విద్యుత్తు బ్యాటరీవలె పనిచేయును. ఉప్పు దానిని వేగపరచును.

ఈ సంగతి తెలిసినచో క్యాబులో తుప్పు ఎచ్చట దాగునో మనమే చెప్పగలము. గాలి చొరక, తడి ఆరకయుండు చోట్లు వెదకవలెను. రెండురేకులు ఒకదానిపై నొకటి పరచి చుక్కచుక్కగా అతికిన అతుకులు, తలుపు అడుగున అంచును మడచిన మడత, రబ్బరు చాపక్రింద పరచిన గోనెపట్టా, చక్రము చిమ్మిన బురద గూడుకట్టిన మూలలు మొదలగునవి అట్టివి. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెట్టింపునకు మించిన చోటు ఆక్రమించును. కావున అతుకుల నడుమ పుట్టినప్పుడు అది మేకువలె పనిచేసి రెండురేకులను విడదీయును. ఆ సందులో మరికొంత నీరు దూరును.

రైతు బండికి ఇంకొక శత్రువు కలదు. అది ఎరువు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బరువులో దాదాపు సగపాలు క్లోరైడు. అనగా ఇనుము విషయమున అది సముద్రపు ఉప్పునకు తోబుట్టువు. యూరియా అంత చెరుపు చేయదుగాని, గాలిలోని తేమను పీల్చి తాను చెమర్చుగుణము దానికి గలదు. 30 డిగ్రీల వేడియందు గాలితేమ నూటికి 73 పాళ్లు దాటినచో అది నీరుకారనారంభించును. మన కోస్తా జిల్లాలలో వర్షాకాలమున ఆపాటి తేమ లేని దినములు అరుదు. బస్తానుండి రాలి, చెప్పుల నంటుకొని క్యాబులోనికి వచ్చిన పిడికెడు ఎరువు చాపక్రింద చేరినచో, వాన లేని దినమున గూడ అచ్చట రేకు తడిగానే యుండును.

అమెరికాలో మంచు కురియు రాష్ట్రములవారు మంచు కరగుటకై శీతకాలమున రోడ్లపై ఉప్పు చల్లుదురు. కావున వారి పాతబండ్లును ఇట్లే చెడును. 1947 మొదలు 1955 వరకు షెవర్లే వారు చేసిన పికప్పులను ముచ్చటపడి బాగుచేయువారు అచ్చట పెక్కుమంది. వానికి కావలసిన మూలరేకులు, గడపరేకులు నేటికిని అచ్చుపోసి అమ్ముచున్నారు. ఏయే భాగములు ఎక్కువగా అమ్ముడుపోవుచున్నవో చూచినను తుప్పు స్థానములు తెలియును. క్యాబు వెనుక క్రిందిమూలలు, తలుపుల క్రింది గడపపెట్టెలు, పెడళ్లయొద్ద అడుగురేకు, తలుపుబందులకు ముందున్న ప్రక్కరేకు అడుగుభాగము, ఇవియే ముఖ్యములు. జనరల్ మోటార్సు వారు 1928 నుండి 1954 వరకు బొంబాయిలోని సేవ్రీలో బండ్లు కూర్చియుండుటచే ఆ జాతి బండ్లు మనదేశమునను అచ్చటచ్చట మిగిలియున్నవి. మన జీపుజాతి పికప్పులకు అచ్చురేకులు దొరకని చోట కమ్మరియో టింకరో చేతితో వంచి చేయవలసినదే.

పరీక్షించుటకు సీట్లు, చాపలు, తలుపుల లోపలి అట్టలు అన్నియు తీసివేయవలెను. చిన్నసుత్తితో తట్టుచు పోవలెను. మంచిరేకు ఖంగున మ్రోగును. చెడినది అట్టవలె బొద్దుగా పలుకును. అనుమానమున్న చోట మొనగల దబ్బనముతో గట్టిగా పొడిచి చూడవలెను. పొడిచిన రంధ్రము చూచి విచారింపనక్కరలేదు, అది అంతకుముందే యున్నది. రంగు పొక్కిన చోట పొక్కు రూపాయియంత యున్నచో లోపల చెడిన మేర అరచేయంత యుండవచ్చునని అంచనా వేసికొనుట మంచిది.

రేకు కోయుటకు పూర్వము నీరు వచ్చు దారిని కనిపెట్టవలెను. దీనిని మానినవారు రెండేండ్లలో అదేపని మరల చేయింతురు. అడుగురేకు చెడుటకు కారణము తరచుగా అడుగున ఉండదు. ముందటి అద్దపు రబ్బరు ఎండి పగులుటయో, అద్దముక్రింది గాలిద్వారము మూతపట్టీ పోవుటయో, పైకప్పు చూరుకాలువ అతుకు విడుటయో కారణమగును. ఒక సులభోపాయము కలదు. క్యాబు లోపల ముందుగోడమీదను, అడుగునను పొడి ముగ్గుపిండి పలుచగా చల్లవలెను. ఒకరు లోపల కూర్చుండగా మరియొకరు క్రిందినుండి పైకి మెల్లమెల్లగా కుండతో నీరు పోయవలెను. మొదటనే పైనుండి పోసినచో ఏ సందునుండి వచ్చినదో తెలియదు. నీరు దిగినచోట ముగ్గుపిండిలో గీత పడును. నా బండిలో ఆ గీత అద్దపు ఎడమమూలనుండి స్టీరింగు గొట్టము వెంబడి దిగి, సరిగా లప్పము మెత్తిన చోటికి చేరినది.

తలుపులోనికి నీరు రాకుండ చేయుట ఎవరితరమును కాదు. అద్దము దిగు సందునుండి అది వచ్చియే తీరును. అందుకే తలుపు అడుగున చిన్నరంధ్రములు విడిచియుందురు. వానిని కన్నములని భ్రమించి లప్పముతో మూయువారిని చూచియున్నాను. తలుపు తొట్టియై కూర్చుండును.

ఇక నిప్పుపని. ఇచ్చట తొందర ప్రాణాపాయము. కొన్ని పాత పికప్పులలో పెట్రోలు ట్యాంకు క్యాబులోనే, సీటు వెనుక నుండును. 1949 తరువాతి షెవర్లే పికప్పులు 1972 వరకు ఇట్టివే. ట్యాంకు ఎచ్చటనున్నను దానిని విప్పి, వెల్డింగు స్థలమునకు దూరముగా బయట పెట్టవలెను. ఖాళీచేసినచో చాలునని కొందరందురు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి, నిండు ట్యాంకుకంటె ఎక్కువ ప్రమాదకరముగ పేలగలదు. అడుగురేకు క్రింద పోవు పెట్రోలు గొట్టములు, బ్రేకు గొట్టములు, వైర్లు ఎచ్చటనున్నవో క్రింద పరుండి చూడవలెను. బ్యాటరీ తీగలు రెండును విప్పవలెను. ఆల్టర్నేటరు గల బండియైనచో దాని తీగయు విప్పుట మంచిది. అడుగున పూసిన తారు నిప్పంటుకొనును గనుక గీకివేయవలెను. ఒక మనిషి తడిగోనెతోను నీళ్లబక్కెటుతోను కాచియుండవలెను. పని ముగిసిన తరువాత అరగంటవరకు కదలరాదు. పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును. కావున దానిని పొడిగా రుద్దక నీటితో తడిపి రుద్దవలెను, ముక్కునకు మాస్కు కట్టవలెను, పిల్లలను ఆ దరికి రానీయరాదు.

తలుపుక్రింది గడపపెట్టె క్యాబునకు దూలమువంటిది. దానిని కోయుటకు పూర్వము తలుపు ద్వారమునకు అడ్డముగా ఒక ఇనుపకోణపుబద్దను బోల్టులతో బిగింపవలెను. ఒకేసారి రెండుప్రక్కలను కోయరాదు. ఇట్లు చేయనిచో క్యాబు కొంచెము కుంగి, పని పూర్తియైన పిమ్మట తలుపు మూతపడదు. అప్పుడు చేయగలిగినది ఏమియు నుండదు. క్యాబును చాసిపై మోయు రబ్బరు దిండ్లు అరిగియున్నచో ఈ సమయముననే మార్చవలెను.

చెడిన రేకును ఎంతవరకు కోయవలెనని అడుగుదురు. తెల్లగా మెరయు ఇనుము, పూర్తి మందముతో కనబడువరకు కోయవలెను. రంధ్రముచుట్టు పలుచబడిన రేకును విడిచినచో దానికి వెల్డింగు పట్టదు. తాకగానే కరగి రంధ్రము పెద్దదగును. ఇది మనసునకు కష్టమే. అరచేయంత రంధ్రమునకు అరగజము రేకు తీసివేయవలసివచ్చును. నా బండికి అట్లే అయినది.

పాతకాలెండరు అట్టను కోసిన చోటుమీద పెట్టి నమూనా గీసికొని, 18 గేజి రేకును, అనగా సుమారు 1.2 మిల్లీమీటర్ల మందముగలదానిని, ఆ ప్రకారము కత్తిరించి వంచవలెను. ముక్కకు మూలలు గుండ్రముగ నుండవలెను. కోణముగా నున్నచో అదురుటవలన అచ్చటనే పగులు పుట్టును. అంచునకు అంచు చేర్చి అతుకుట మేలు. ముక్కను పాతరేకుపై పరచి అతుకుట సులభమేగాని, ఆ రెండింటి నడుమ ఎవాన్సు చూపిన నీటిబొట్టునకు మనమే ఇల్లుకట్టి యిచ్చినట్లగును. తప్పనిసరియై అట్లు అతికినచో రెండువైపులను సీలెంటుతో మూయవలెను.

ఇంటికప్పునకు వాడగా మిగిలిన జింకుపూత రేకు చవుకగా నున్నదని దానినే వేయు అలవాటు పల్లెలలో కలదు. వెల్డింగు వేడికి జింకు తెల్లని పొగయై లేచును. దానిని పీల్చినవారికి ఆ సాయంకాలము చలిజ్వరము, ఒళ్లునొప్పులు వచ్చును. ముందుగ పాలు త్రాగినచో ఏమియు కాదనుట వట్టిమాట. అట్టిరేకే వాడవలసివచ్చినచో అతుకు అంచున పూతను పూర్తిగా రుద్దివేసి, గాలి వీచు చోట పనిచేయవలెను.

గేట్లు, గ్రిల్లులు చేయు షాపులలోని కడ్డీ వెల్డింగు ఈ పలుచని రేకును కాల్చివేయును. గ్యాసు వెల్డింగు అనుభవజ్ఞుని చేతిలో బాగుగనే యుండునుగాని వేడి ఎక్కువగా పాకి రేకు అలలువారును. సన్నతీగతో చేయు మిగ్ వెల్డింగు ఇందులకు తగినది. మొదట అంగుళమునకొక చుక్క చొప్పున, ఒకటి ఈ మూలను, తరువాతిది ఆ మూలను పెట్టవలెను. పిమ్మట చుక్కల నడుమ మరల చుక్కలు పెట్టుచు, చేయి ఆనించగలిగినంత చల్లారనిచ్చుచు సందు పూడ్చవలెను. ఒకే గీతగా లాగినచో పని అరగంటలో ముగియును, రేకు అప్పడమువలె వంకరపోవును. నీళ్లు చల్లి చల్లార్చరాదు. ఈ పనికి దినమంతయు పట్టుననియు, దినమునకు తగిన కూలి ఇత్తుననియు ముందే చెప్పుట ఉచితము. గుత్తకు మాటాడినచో ఎంతటి మంచి పనివాడైనను గీతగానే లాగును.

ఊడదీయగల భాగములకు, అనగా సీటు కాళ్లు, బందులు, బ్రాకెట్లు మొదలగువానికి పట్టిన తుప్పును పోగొట్టుటకు చెరకురైతులయొద్ద చవుకైన మందు కలదు. ఒకపాలు బెల్లపు మడ్డి, తొమ్మిదిపాళ్లు నీరు కలిపి, జిడ్డు లేకుండ కడిగిన భాగములను అందులో ఒకటి రెండు వారములు ముంచియుంచినచో తుప్పు కరగి ఇనుము మిగులును. వాసన దుర్భరము; పశువులు త్రాగకుండ మూతపెట్టవలెను. అల్యూమినియము, జింకుపూత వస్తువులను అందులో వేయరాదు. తీసినవెంటనే కడిగి, తుడిచి, ఎండబెట్టి రంగు వేయవలెను. లేనిచో గంటలోనే ఎఱ్ఱబారును.

అతుకుల సందులలో చేయిపెట్టి రుద్దలేని చోట పలుచని తుప్పు కొంత మిగిలియే తీరును. దానికై తుప్పుమార్చు ద్రవములు అమ్ముచున్నారు. వానిలో కొన్ని టానిక్ ఆమ్లముతో చేసినవి. ఇది మనకు క్రొత్తగాదు. మన పెద్దలు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లసిరా చేసెడివారు. కరక్కాయలోని టానిను అన్నభేదిలోని ఇనుముతో కలిసి, కరగని నల్లని పదార్థమగును. ఈ ద్రవము పూసిన తుప్పు నల్లబడుటయు అదే మార్పు. అయితే రేకునంటి గట్టిగా నున్న పలుచని తుప్పుమీదనే ఇది పనిచేయును. పెచ్చులూడు తుప్పుపై పూసినచో పెచ్చు నల్లబడును, క్రిందిది యథాప్రకారము సాగుచుండును. దీనిని పూసి రేకు మార్చుట తప్పించుకొందమనువారికి నా సీటు కథ చాలును.

బోడి ఇనుమునకు ఆ దినమే ఎపాక్సీ ప్రైమరు వేయవలెను. సాధారణ ప్రైమరులలో పెక్కు నీటిని పూర్తిగా ఆపలేవు. ప్రైమరు వేసి, పైరంగు పిమ్మట చూతమని ఒక వర్షాకాలము తిప్పినచో దానిక్రిందనే తుప్పు పుట్టును. ప్రైమరు ఆరిన తరువాత అతుకులన్నింటికి సీలెంటు, పిమ్మట పైరంగు. గడపపెట్టెల లోపలకు సన్నగొట్టముతో మైనపు ద్రవము చిమ్మవలెను; వాడేసిన ఇంజనాయిలు పోయు అలవాటు మంచిదిగాదు, అందులో ఆమ్లములు చేరియుండును, చర్మమునకును హాని. లప్పమునకు గల న్యాయమైన చోటు ఒక్కటే. బాగుగ అతికిన గట్టిరేకుమీద, పల్లములు సమముచేయుటకు, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండ దానిని పూయవచ్చును. రంధ్రమును పూడ్చుటకు ఎంతమాత్రమును పనికిరాదు.

ఈ పనికి రోహిణి కార్తె మంచికాలము. సందులలోని తడి తానే ఆరును. రంగు మాత్రము ఉదయమున, రేకు చేతికి చల్లగా నున్నప్పుడే వేయవలెను.

అన్ని క్యాబులును బాగుచేయదగినవి కావు. తలుపుబందులు బిగించు స్తంభములు, చాసిపై కూర్చుండు నాలుగు కాళ్లు తినివేయబడియున్నచో మరొక మంచి క్యాబును వెదకుటయే చవుక. చాసిలోనే పగుళ్లున్నచో అది టింకరు పని గాదు. ఏబదియేండ్లు దాటిన స్వంతబండిని వింటేజి బండిగా నమోదు చేయింపగోరువారు ఇంకొకటి గమనింపవలెను. కేంద్రప్రభుత్వము 2021లో చేసిన నియమముల ప్రకారము చాసి, బాడీ, ఇంజను మార్పుచెందక మొదటి రూపమున ఉండవలెను. కావున మూలరేకు వంపునుగూడ పాతదానివలెనే తీర్పవలెను. అట్లు నమోదైన బండిని బాడుగకును, నిత్యపు రాకపోకలకును వాడరాదు గనుక ఎరువు మోయు బండికి ఆ నమోదు తగదు.

బాగుచేసిన క్యాబులో గోనెపట్టా పరువక, ఊడదీయుటకు వీలగు రబ్బరుచాప ఒక్కటి వేయుట మంచిది. ఎరువు తోలిన దినమున చాప తీసి, అడుగును మంచినీటితో కడిగి, తలుపులు తెరచి ఆరనీయవలెను. మృగశిర కార్తె ప్రవేశింపకముందే తలుపు అడుగు రంధ్రములలో చీపురుపుల్ల ఆడించి మట్టి తీయవలెను. నా బండికి రేకు మార్చి ఇది నాలుగవ వర్షాకాలము. మొన్న చాపనెత్తి సుత్తితో తట్టి చూచితిని. పెడళ్లయొద్దను, సీటు కాళ్లయొద్దను రేకు ఖంగుననే పలికినది. కుడిప్రక్క వెనుకమూలను మాత్రము రంగు చిన్న పొక్కు లేచియున్నది. పంట ఇంటికి రాగానే దానిని గీకిచూడవలెను.